అసిస్టెడ్, అన్‌అసిస్టెడ్: తిరుపతి, చిత్తూరు హ్యామ్‌లు తరచుగా అడిగే ప్రశ్నలు

అక్టోబరు వచ్చిందంటే మా వైపు హ్యామ్‌లకు, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా రేడియో నడిపేవాళ్లకు, రెండు పనులు పడతాయి. ఈశాన్య రుతుపవనాల వానలు దిగకముందే మేడ మీద యాంటెన్నా తాళ్లు మార్చుకోవాలి. 48 గంటల్లో ప్రపంచమంతటా వీలైనన్ని స్టేషన్లను పలకరించే సీక్యూ వరల్డ్‌వైడ్ కాంటెస్ట్‌కు, బయటి సాయంతో (అసిస్టెడ్) అనో సాయం లేకుండా (అన్‌అసిస్టెడ్) అనో, ఏ విభాగంలో లాగ్ (పలకరించిన స్టేషన్ల చిట్టా) పంపాలో తేల్చుకోవాలి. అక్టోబరులో జరిగేది మాటల (ఎస్ఎస్‌బీ) భాగం, నవంబరులో మోర్స్ (సీడబ్ల్యూ) భాగం. మొదటి పని ఒక పూటలో అయిపోతుంది. రెండోది ప్రతి ఏడూ వాదనగానే మిగిలిపోతుంది. కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్లు ఈ విభాగాల గురించి అడిగేవి, పాతవాళ్లు మళ్లీ మళ్లీ లేవనెత్తేవి కలిపి, నాకు తెలిసినంతలో, నేను నమ్మినట్టు ఇక్కడ జవాబు చెబుతున్నాను. నిబంధనలు ఏటా కొద్దికొద్దిగా మారుతుంటాయి కాబట్టి లాగ్ పంపే ముందు ఆ ఏటి నిబంధనల పేజీ ఒకసారి చదవండి.

అసలు అసిస్టెడ్ అంటే ఏమిటి?

బ్యాండ్ (హ్యామ్‌లకు కేటాయించిన ఫ్రీక్వెన్సీల వరుస) మీద ఉన్న ఒక సిగ్నల్ ఎవరిదో మీ చెవి కాకుండా ఇంకెవరైనా, ఇంకేదైనా మీకు చెబితే మీరు అసిస్టెడ్. డీఎక్స్ క్లస్టర్ (హ్యామ్‌లు తాము విన్నది అందరికీ చూపే నెట్‌వర్క్) స్పాట్లు, అంటే ఏ స్టేషన్ ఏ ఫ్రీక్వెన్సీలో ఉందన్న కబుర్లు, మోర్స్‌ను యంత్రాలతో విని అదే పని చేసే రివర్స్ బీకన్ నెట్‌వర్క్, మీ కంప్యూటర్లోనే నడుస్తూ మోర్స్ చదివే సీడబ్ల్యూ స్కిమ్మర్, "21025 కిలోహెర్ట్జ్‌లో ఆఫ్రికా స్టేషన్ పిలుస్తోందన్నా" అని స్నేహితుడు పెట్టే వాట్సాప్ మెసేజ్, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. సీక్యూ నిబంధనలు దీన్ని క్యూఎస్ఓ (ఒక స్టేషన్‌తో జరిపిన పలకరింపు) అలర్టింగ్ అంటాయి. అమెరికా హ్యామ్‌ల సంఘం ఏఆర్ఆర్ఎల్ కాంటెస్టుల్లో ఈ విభాగం పేరు అన్‌లిమిటెడ్. పేరేదైనా విషయం ఒకటే.

ఇక్కడ చాలామంది ఒక చోట పొరబడతారు. ఇంటర్నెట్ వాడితేనే అసిస్టెడ్ అనుకుంటారు. స్కిమ్మర్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు, అయినా అది బ్యాండంతా చదివి కాల్‌సైన్లు (స్టేషన్ల గుర్తింపు పేర్లు) మీ ముందు పెడుతుంది కాబట్టి అసిస్టెడే. కంప్యూటర్ గడియారం సరిచేసుకోవడానికి ఇంటర్నెట్ కావాలి, అది అసిస్టెన్స్ కాదు. చూడాల్సింది వైరు ఎక్కడికి పోతోందని కాదు, కాల్‌సైన్ మీకు ఎవరు చెప్పారన్నది.

విడివిడిగా విభాగాలు ఎందుకు పెట్టారు?

సీక్యూ వరల్డ్‌వైడ్ 1948 నుంచి జరుగుతోంది. చాలా ఏళ్లు అందరిదీ ఒకటే పద్ధతి. డయల్ తిప్పాలి, వినాలి, గుర్తుపట్టాలి, పిలవాలి. 1980లలో ప్యాకెట్ క్లస్టర్ వచ్చింది. ఒకరు విన్నది వెంటనే చుట్టుపక్కల అందరి తెర మీదా కనబడటం మొదలైంది. 48 గంటలు ఒంటరిగా డయల్ తిప్పినవాణ్ణి, వందమంది విన్నది చూసి మీట నొక్కినవాణ్ణి ఒకే వరుసలో నిలబెట్టడం సరికాదనిపించి విభాగాలు విడదీశారు.

2008లో సీడబ్ల్యూ స్కిమ్మర్ వచ్చాక ఈ విభజనకు ఇంకా బరువు పెరిగింది. అంతకుముందు క్లస్టర్‌లో స్పాట్ రావాలంటే ఎక్కడో ఒక మనిషి ఆ స్టేషన్‌ను విని, టైపు చేసి పంపాలి. ఆ మనిషికి నిద్రొస్తుంది, పొరపాటు పడతాడు, ఒక్కోసారి పంపడం మానేస్తాడు. స్కిమ్మర్ ఒకేసారి వందల సీడబ్ల్యూ సిగ్నళ్లను చదువుతుంది. ప్రపంచంలో అక్కడక్కడా పెట్టిన ఇలాంటి రిసీవర్లను కలిపిందే రివర్స్ బీకన్ నెట్‌వర్క్. మీరు "టెస్ట్" అని రెండుసార్లు కొట్టేలోపు మీ కాల్‌సైన్, ఫ్రీక్వెన్సీ, వేగం అన్నీ అందులో చేరిపోతాయి.

మన ఊరివాళ్లకు చెప్పాలంటే ఇదొక కొండెక్కే లెక్క. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి వెళ్లినవారూ బస్సులో వెళ్లినవారూ చేరేది తిరుమలకే. బస్సెక్కడం తప్పు కాదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అదే దారి. ఒకప్పుడు నడిచి వచ్చినవారికి గాలిగోపురం దగ్గర దివ్యదర్శనం టోకెన్లు ఇచ్చేవారు. బస్సులో వచ్చి ఆ టోకెన్ అడిగితే తప్పు. విభాగాల గొడవ మొత్తం ఆ టోకెన్ దగ్గరే ఉంది, బస్సు దగ్గర కాదు.

స్పాట్లు చూస్తే స్కోరు ఖాయంగా పెరుగుతుందా?

పెరగొచ్చు, తగ్గొచ్చు. లెక్క వేసి చూద్దాం. స్కోరంటే పాయింట్ల మొత్తాన్ని మల్టిప్లయర్లతో గుణించడం. మల్టిప్లయర్ అంటే ప్రతి బ్యాండ్ మీద కొత్త దేశం, కొత్త జోన్ (కాంటెస్ట్ కోసం ప్రపంచాన్ని విడదీసిన భాగాల్లో ఒకటి). ఒకాయన 600 క్యూఎస్ఓలు చేసి 1,500 పాయింట్లు, 150 మల్టిప్లయర్లు తెచ్చుకున్నాడనుకోండి. స్కోరు 2,25,000. అదే మనిషి స్పాట్ల వెంట తిరిగితే క్యూఎస్ఓలు 540కి, పాయింట్లు 1,350కి పడిపోయి, మల్టిప్లయర్లు 190కి పెరిగాయనుకుందాం. స్కోరు 2,56,500 అవుతుంది. లాభమే.

ఇప్పుడు అదే మనిషి ప్రతి స్పాట్‌కూ ఎగబడి, ఒక్కో పైలప్‌లో (ఒకే స్టేషన్‌ను అందరూ ఒకేసారి పిలిచే గుంపులో) పది నిమిషాలు నిలబడి, క్యూఎస్ఓలు 400కు, పాయింట్లు 1,000కి దిగాయనుకోండి. మల్టిప్లయర్లు 200 అయినా స్కోరు 2,00,000 దగ్గరే ఆగుతుంది. ఏ స్పాటూ చూడనప్పటికంటే తక్కువ. నేను చూసినంతలో మన దగ్గర కొత్తవాళ్లకు ఎక్కువగా జరిగేది ఇదే. క్లస్టర్ పెట్టుకుంటే ఒక ఫ్రీక్వెన్సీలో కూర్చుని పిలిచే ఓపిక పోతుంది. పెద్ద కాంటెస్టుల ఫలితాల్లో అన్‌అసిస్టెడ్ విజేత స్కోరు అసిస్టెడ్ విజేత స్కోరును దాటిన ఏళ్లున్నాయి. అసిస్టెడ్‌ను గొప్ప విభాగమని గానీ తక్కువ విభాగమని గానీ అనలేం. రెండింటిలో చేసే పనే వేరు.

తిరుపతిలో కూర్చుని విభాగాల న్యాయం గురించి మాట్లాడటం ఎందుకు? ఎలాగూ మన చోటే మనకు అన్యాయం కదా?

ఈ మాటలో నిజముంది, దాన్ని దాటేసి పోలేను. తిరుపతి నుంచి మధ్య ఐరోపా వాయవ్యంలో సుమారు 320 డిగ్రీల మీద ఉంటుంది. న్యూయార్క్ దాదాపు 337 డిగ్రీలు. ఆ రెండు దిక్కుల్లోనూ మనకు శేషాచలం కొండలు అడ్డం. పైన తిరుమల సముద్ర మట్టానికి 850 మీటర్లకు పైనే ఉంటుంది, కింద ఊరు దాదాపు 150 మీటర్ల దగ్గర. కొండ పాదాల దగ్గర ఇల్లున్నవాళ్లకు దూరదేశాలకు కావాల్సిన తక్కువ కోణపు సిగ్నల్ కొండకే తగులుతుంది. రేణిగుంట వైపు మైదానంలో ఉన్నవాళ్లకు కొంత మేలు.

మనకు బాగా తెరిచి ఉన్న దిక్కు ఈశాన్యం, అంటే జపాన్. కానీ సీక్యూ వరల్డ్‌వైడ్‌లో వేరే ఖండపు స్టేషన్‌కు 3 పాయింట్లు, సొంత ఖండంలోని వేరే దేశానికి 1 పాయింటు. జపాన్ ఆసియాలోదే కదా. మూడు పాయింట్ల దిక్కుకు కొండ అడ్డం, ఒక పాయింటు దిక్కు తెరిచి ఉంటుంది. దీనికి తోడు పక్కింటి ఎల్‌ఈడీ బల్బులు, సోలార్ ఇన్వర్టర్లు చేసే రొద.

చోటు వల్ల వచ్చే తేడాను ఏ నిబంధనా సరిచేయలేదు, ఆ సంగతి అందరికీ తెలుసు. అందుకే ఎవరూ జర్మనీ స్టేషన్ స్కోరుతో తమ స్కోరు పోల్చుకోరు. మన దేశంలో, మన జోన్‌లో, మన పవర్‌లో ఉన్నవాళ్లతో పోల్చుకుంటారు. సరిగ్గా అందుకే మనకు విభాగాల నిజాయితీ ఇంకా ఎక్కువ అవసరం. ప్రపంచ జాబితాలో వెయ్యిమందిలో ఒకడు అబద్ధమాడితే ఎవరికీ పెద్దగా తగలదు. వీయూ (భారత్ కాల్‌సైన్ల మొదటి అక్షరాలు) నుంచి ఒక విభాగంలో నలుగురే ఉన్నప్పుడు వాళ్లలో ఒకరు క్లస్టర్ చూసి అన్‌అసిస్టెడ్ అని రాస్తే, చిత్తూరులో చెట్టుకు కట్టిన డైపోల్ (తీగ యాంటెన్నా)తో రాత్రంతా కూర్చున్నవాడి సర్టిఫికెట్ పోతుంది. అతను ఫిర్యాదు కూడా చేయడు. తన యాంటెన్నా బాగోలేదేమో అనుకుని ఊరుకుంటాడు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే.

నన్ను ఎవరో స్పాట్ చేశారు. నేను అసిస్టెడ్ అయిపోయానా?

లేదు. మీరు పిలుస్తుంటే ఇంకొకరు విని క్లస్టర్‌లో పెట్టడం మీ చేతిలో లేని పని. సీడబ్ల్యూలో రివర్స్ బీకన్ ఎలాగూ పెట్టేస్తుంది. దాని వల్ల మీకు వచ్చిన పైలప్‌ను హాయిగా పని చేయండి.

మరి "నన్ను ఒకసారి స్పాట్ చెయ్యి" అని వాట్సాప్‌లో అడగొచ్చా?

అడగకూడదు. సీక్యూ వరల్డ్‌వైడ్‌లో తనను తాను స్పాట్ చేసుకోవడం, చేయమని అడగడం రెండూ నిషేధం. అది అసిస్టెడ్ విభాగానికి కూడా వర్తిస్తుంది. "అసిస్టెడ్‌లో పంపుతున్నా కదా, పర్లేదు" అనుకునేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అసిస్టెడ్ అంటే స్పాట్లు చూడటానికి అనుమతి మాత్రమే. స్నేహితుల గ్రూపులో ఉత్సాహం కొద్దీ "ఇప్పుడు 14250లో ఉన్నా, రండి" అని పెట్టినా అదే తప్పు. కాంటెస్ట్ జరిగే రెండు రోజులు ఆ గ్రూపులను మ్యూట్‌లో పెట్టండి. అన్‌అసిస్టెడ్‌లో ఉన్నవాళ్లకైతే ఇది తప్పనిసరి అనే చెబుతాను. మీరు అడగకపోయినా ఎవరో ఒకరు ఫ్రీక్వెన్సీతో సహా మెసేజ్ పెట్టేస్తారు, చూశాక చూడలేదని అనలేం.

రిగ్ (రేడియో) తెర మీద వాటర్‌ఫాల్, అంటే బ్యాండ్‌లోని సిగ్నళ్ల బొమ్మ, కనిపిస్తుంది. అది అసిస్టెన్సా?

కాదు. అక్కడ సిగ్నల్ ఉందని కనిపిస్తుంది గానీ ఎవరిదో చెప్పదు. మీరు అక్కడికి వెళ్లి విని గుర్తుపట్టాలి.

సూపర్ చెక్ పార్షియల్?

అదీ కాదు. చాలా కాంటెస్టుల్లో పనిచేసిన కాల్‌సైన్ల పాత జాబితా అది. మీరు సగం విని టైపు చేస్తే మిగతా సగానికి సరిపోయేవి చూపిస్తుంది, ఇప్పుడు ఆ స్టేషన్ బ్యాండ్ మీద ఉందని చెప్పదు. నిబంధనల ప్రకారం వాడొచ్చు. కానీ అది చూపించింది కదా అని వినని అక్షరాలు నింపేయకండి. సరైన కాల్‌సైన్ ఆ జాబితాలో లేకపోవచ్చు. కొత్తగా లైసెన్సు వచ్చిన మనవాళ్ల కాల్‌సైన్లు ఇలాగే వేరేవాళ్ల లాగుల్లో తప్పుగా పడుతుంటాయి.

మోర్స్ నాకు పూర్తిగా రాదు. డీకోడర్ పెట్టుకుంటే?

ఇక్కడ కాంటెస్టుకూ కాంటెస్టుకూ తేడా ఉంది. ఏఆర్ఆర్ఎల్ నిబంధనలు బ్యాండంతా ఒకేసారి చదివే డీకోడర్లను పేరుపెట్టి అన్‌లిమిటెడ్‌లోకి నెడతాయి. సీక్యూ నిబంధనల మాటలు ఇంకా విస్తృతంగా ఉంటాయి. అనుమానం ఉంటే డీకోడర్‌తో చేసిన లాగ్‌ను అసిస్టెడ్‌లో పంపండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఇంకా మంచి దారి, ఎస్ఎస్‌బీ భాగంలో పాల్గొంటూ ఏడాది పాటు చెవితో మోర్స్ నేర్చుకోవడం.

తమ్ముడు పక్క గదిలో రెండో రిగ్ మీద విని నాకు చెబుతాడు. ఇంట్లోవాడే కదా?

ఇంట్లోవాడైనా, మీ స్టేషన్‌లోనే కూర్చుని రిగ్ నడుపుతున్న ఇంకో మనిషే. మీరిద్దరూ మల్టీ ఆపరేటర్. ఆ విభాగం బాగుంటుంది కూడా, తమ్ముడి పేరు సర్టిఫికెట్ మీద ఉంటుంది. అమ్మ కాఫీ తెచ్చిచ్చి "పడుకోరా" అంటే మాత్రం అన్‌అసిస్టెడే.

ఇంటర్నెట్‌లో దొరికే వెబ్ ఎస్‌డీఆర్ రిసీవర్ మీద వింటే?

అది అసిస్టెడ్‌లోనూ అన్‌అసిస్టెడ్‌లోనూ కుదరదు. సీక్యూ వరల్డ్‌వైడ్‌లో ఈ రెండింటిలోనూ మీ రిసీవర్ మీ స్టేషన్ దగ్గరే ఉండాలి. ఐరోపాలోని రిసీవర్‌లో విని తిరుపతి నుంచి ప్రసారం చేస్తే ఆ క్యూఎస్ఓ తిరుపతిది కాదు. మన రొద ఎంత ఉన్నా మన యాంటెన్నాతోనే వినాలి.

పొరపాటున క్లస్టర్ చూసేశాను. ఇప్పుడేం చేయాలి?

ఇది నాకే జరిగింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కొన్నేళ్ల క్రితం నవంబరు సీడబ్ల్యూ భాగానికి అన్‌అసిస్టెడ్ అని మనసులో గట్టిగా అనుకుని కూర్చున్నాను. లాగింగ్ సాఫ్ట్‌వేర్ నా స్నేహితుడు సెట్ చేసిపెట్టాడు. శనివారం రాత్రి 40 మీటర్లకు మారేసరికి బ్యాండ్‌మ్యాప్‌లో (ఏ ఫ్రీక్వెన్సీలో ఎవరున్నారో చూపే విండోలో) రంగురంగుల కాల్‌సైన్లు కనబడ్డాయి. క్లస్టర్ విండో వెనకాల తెరిచే ఉంది. వాటిలో రెండింటి మీద క్లిక్ చేశాను. రెండూ దొరికాయి, రెండూ కొత్త మల్టిప్లయర్లు. ఆ తరువాతగానీ ఏం చేశానో తలకెక్కలేదు. అప్పటికి 19 గంటలు అన్‌అసిస్టెడ్‌గా పని చేసి ఉన్నాను.

స్నేహితుడికి ఫోన్ చేస్తే "రెండే కదన్నా, ఆ రెండూ లాగ్‌లో తీసేసి పంపు, ఎవరు చూస్తారు?" అన్నాడు. అతని ఉద్దేశం మంచిదే. కానీ ఆ సలహా నిబంధనల పరంగా కూడా తప్పు. నా లాగ్‌లో ఆ రెండు క్యూఎస్ఓలు తీసేస్తే, అవతలి రెండు స్టేషన్ల లాగుల్లో నా పేరు ఉంటుంది, నా లాగ్‌లో వాళ్ల పేరు ఉండదు. చెక్ చేసేటప్పుడు అది "లాగ్‌లో లేదు" అని తేలి వాళ్ల క్యూఎస్ఓ కొట్టేస్తారు, పైగా పెనాల్టీ వేస్తారు. నా తప్పుకు వాళ్లు కట్టాలా? చేసిన క్యూఎస్ఓను ఎప్పుడూ తీసేయకండి. విభాగం మార్చండి.

ఆ రాత్రి కాసేపు టెన్షన్ పడ్డాను. తరువాత అసిస్టెడ్ అని నిర్ణయించుకున్నాక మిగతా 29 గంటలు చాలా తేలిగ్గా గడిచాయి. ఇప్పుడు కాంటెస్ట్‌కు ముందు శుక్రవారం సాయంత్రమే టెల్‌నెట్ (క్లస్టర్‌కు కలిపే) విండో మూసి, ఆటోమేటిక్‌గా కనెక్ట్ అయ్యే టిక్ తీసేసి, బ్యాండ్‌మ్యాప్ ఖాళీగా ఉందో లేదో చూసుకుంటాను. మీరూ అలాగే చేయండి. ఎన్‌1ఎంఎం లాంటి సాఫ్ట్‌వేర్‌లో విభాగం నాన్-అసిస్టెడ్ అని ఎంచుకుంటే సరిపోదు. అది లాగ్ పైన ఒక వరుస రాస్తుందంతే.

చూసినవాళ్లను ఎలా పట్టుకుంటారు? ఎవరూ ఇంటికి రారు కదా?

ఇంటికి రానక్కర్లేదు, లాగే చాలా చెబుతుంది. ప్రతి క్యూఎస్ఓకూ సమయం, ఫ్రీక్వెన్సీ, కాల్‌సైన్ ఉంటాయి. క్లస్టర్‌లోనూ రివర్స్ బీకన్‌లోనూ వచ్చిన ప్రతి స్పాట్‌కు కూడా అవే వివరాలు భద్రంగా ఉంటాయి. రెండిటినీ పక్కపక్కన పెడితే, ఒక అరుదైన స్టేషన్ స్పాట్ అయిన నిమిషంలోపే ఒకాయన తాను పిలుస్తున్న ఫ్రీక్వెన్సీ వదిలి వేరే బ్యాండ్‌కు దూకి దాన్ని పట్టుకుని వెనక్కి వచ్చాడని కనిపిస్తుంది. ఒకసారైతే అదృష్టం. 48 గంటల్లో ముప్పై సార్లు అలాగే జరిగితే అది అదృష్టం కాదు. డయల్ తిప్పుతూ వెళ్లేవాడి లాగ్‌లో ఫ్రీక్వెన్సీలు మెట్టుమెట్టుగా పెరుగుతాయి, మామూలు స్టేషన్ల మధ్యలో అరుదైనది తగులుతుంది. స్పాట్ల వెంట తిరిగేవాడి లాగ్ గెంతుతుంది.

పై స్థానాల కోసం పోటీపడే సింగిల్ ఆపరేటర్లు తాము విన్నదీ పంపిందీ రికార్డు చేసి ఉంచుకోవాలని సీక్యూ నిబంధన ఉంది. కమిటీ అడిగితే ఇవ్వాలి. లేకపోతే విభాగం మార్చవచ్చు, అనర్హులుగానూ ప్రకటించవచ్చు. లాగులన్నీ తరువాత అందరికీ కనిపించేలా పెడతారు. మన లాగ్‌ను ఎవరైనా చదవొచ్చు, మనమూ ఎవరిదైనా చదవొచ్చు. కొత్తవాళ్లకు నా సలహా, మొదటి ర్యాంకు వచ్చిన అన్‌అసిస్టెడ్ లాగ్ ఒకటి దింపుకుని గంటగంటకూ ఏ బ్యాండ్‌లో ఉన్నాడో చూడండి. ఏ పాఠమూ నేర్పనంత నేర్పుతుంది.

ఇదంతా ఉన్నా తెలివిగా చేసేవాడు కొన్నిసార్లు తప్పించుకుంటాడని ఒప్పుకుంటాను. అందుకని నిబంధన వద్దనుకోవడం మాత్రం నాకు నచ్చదు.

అయితే రెండు విభాగాలూ కలిపేస్తే గొడవే ఉండదు కదా?

ఈ వాదన వినిపించేవాళ్లలో నేను గౌరవించే సీనియర్లు ఉన్నారు. "పట్టుకోలేని నిబంధన మంచివాణ్ణి మాత్రమే కట్టేస్తుంది" అంటారు. కలిపి నడిపే కాంటెస్టులూ ఉన్నాయి. జర్మనీ సంస్థ డీఏఆర్‌సీ నడిపే వర్క్డ్ ఆల్ యూరప్‌లో క్లస్టర్ చూడటానికి అందరికీ అనుమతి ఉంది. అక్కడ అది సహజంగానే ఉంటుంది, ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇంకో చివర డబ్ల్యూఆర్‌టీసీ, అంటే వరల్డ్ రేడియోస్పోర్ట్ టీమ్ చాంపియన్‌షిప్, ఉంది. 1990లో సియాటెల్‌లో మొదలైన ఈ పోటీలో ఆపరేటర్లందరినీ ఒకే ప్రాంతానికి తెచ్చి, ఒకే రకం యాంటెన్నాలు ఇచ్చి కూర్చోబెడతారు. 2014లో అమెరికాలోని న్యూ ఇంగ్లండ్‌లో 59 జట్లు అలా పోటీపడ్డాయి. అక్కడ క్లస్టర్ ఉండదు. చోటు తేడా, యాంటెన్నా తేడా తీసేసి మనిషి నేర్పును మాత్రమే కొలవాలనుకున్నప్పుడు ముందుగా పక్కన పెట్టిన వాటిలో స్పాట్లు కూడా ఉన్నాయంటే, చెవితో వెతకడం ఒక విడి విద్య అని అందరూ ఒప్పుకున్నట్టే కదా. ఆ విద్యకు ఒక విభాగం ఉండాలి. కలిపేసిన రోజు దాన్ని నేర్చుకునేవాడే ఉండడని నా భయం. పదిహేను మీటర్ల బ్యాండ్ సాయంత్రం మూసుకుపోయే ముందు, రొదలో నుంచి ఒక పసిఫిక్ దీవి పలచగా తేలడం, దాన్ని ముందుగా మీరే వినడం ఒకసారి అనుభవిస్తే నేను చెప్పేది అర్థమవుతుంది.

స్పాట్‌లో ఉన్న కాల్‌సైన్‌ను నమ్మి లాగ్‌లో వేసుకోవచ్చా?

వద్దు. స్కిమ్మర్ కూడా తప్పు వింటుంది. మన వీయూ కాల్‌సైన్లనే చూడండి. మోర్స్‌లో వీ అంటే మూడు చుక్కలు ఒక గీత, 4 అంటే నాలుగు చుక్కలు ఒక గీత. ఉరుముల రొదలో ఒక్క చుక్క ఎక్కువ వినబడితే వీయూ కాస్తా 4యూ అవుతుంది. 4యూ ఐక్యరాజ్యసమితి స్టేషన్ల ప్రిఫిక్స్ కాబట్టి దాని వెనక జనం పరుగెత్తుతారు. తప్పు కాల్‌సైన్ లాగ్‌లో పడితే ఆ క్యూఎస్ఓ పోవడమే కాదు, సీక్యూ వరల్డ్‌వైడ్‌లో దాని పాయింట్లకు రెండింతలు అదనంగా కోస్తారు. అసిస్టెడ్‌లో ఉన్నా కాల్‌సైన్ మీ చెవితో విన్నాకే వేయాలి.

ఎఫ్‌టీ8లో (కంప్యూటర్లే సంకేతాలు పంపి, చదివే పద్ధతి) ఈ తేడా ఎలా చూస్తారు?

అక్కడ తేడాకు అర్థం లేదు. ఆ పద్ధతే తనకు వినబడే కాల్‌సైన్లన్నీ చదివి వరుసగా తెర మీద వేస్తుంది.

48 గంటలు కూర్చోలేను. అన్‌అసిస్టెడ్‌లో చిన్న విభాగం ఏమైనా ఉందా?

ఉంది, క్లాసిక్ ఓవర్‌లే (మామూలు విభాగంతో పాటు అదనంగా ఎంచుకునేది). ఒకే రేడియో, స్పాట్లు లేవు, 48 గంటల్లో 24 గంటలే. ఉద్యోగాలు చేసుకునే మనలాంటివాళ్లకు సరిగ్గా సరిపోతుంది. మన కాలమానంలో కాంటెస్ట్ శనివారం ఉదయం 5:30కి మొదలై సోమవారం ఉదయం 5:30 దగ్గర ముగుస్తుంది. ఆదివారం రాత్రి నిద్రపోయి సోమవారం ఆఫీసుకు వెళ్లినా మీ 24 గంటలు పూర్తవుతాయి. విరామం తీసుకుంటే ఒక్కోటి కనీసం 60 నిమిషాలు ఉండాలి, లేకపోతే అది విరామంగా లెక్కలోకి రాదు.

మొదటిసారి పాల్గొంటున్నాను. ఏ విభాగంలో వెళ్లమంటారు?

ఇంట్లో ఒక్కరే ఉండి, ఒక డైపోల్, లైసెన్సు అనుమతించిన పవర్ ఉంటే అన్‌అసిస్టెడ్‌లో, 'లో పవర్' (100 వాట్లు దాటని) విభాగంలో వెళ్లండి. భారత్ నుంచి మీరిచ్చేది 59 22 మాత్రమే, 59 సిగ్నల్ రిపోర్టు, 22 మన జోన్. ఇక ఉదయం పూట జపాన్, ఆస్ట్రేలియా వైపు వెతకండి, మధ్యాహ్నం దాటాక ఐరోపా తెరుచుకుంటుంది. మొదటి రోజు వెతకండి, రెండో రోజు ధైర్యం చేసి ఒక ఖాళీ ఫ్రీక్వెన్సీలో మీరే పిలవండి. వీయూ స్టేషన్ ఎస్ఎస్‌బీలో పిలిస్తే ఐరోపావాళ్లు వదలరు. అప్పుడు వచ్చే పైలప్‌ను ఏ క్లస్టరూ ఇవ్వలేదు.

వినికిడి సమస్య ఉన్నవాళ్లకు, రాత్రి గంటకంటే ఎక్కువ కూర్చోలేనివాళ్లకు, కొత్త దేశాల ఖాతా పెంచుకోవడమే ఇష్టమైనవాళ్లకు అసిస్టెడ్ మంచి విభాగం. నవంబరులో వాయుగుండం పట్టి యాంటెన్నా కింద పడిన ఏడు, మేడ మీద మిగిలిన తీగ ముక్కతో దొరికిన నాలుగు స్టేషన్ల కోసం నేను కూడా క్లస్టర్ పెట్టుకుని, అసిస్టెడ్ అనే రాసి పంపాను. ఉరుములు మొదలైతే మాత్రం ఏ విభాగమైనా కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) తీసి బయట పెట్టండి.

లాగ్ పంపేశాక విభాగం తప్పు పెట్టానని గమనించాను. మార్చొచ్చా?

గడువు లోపలైతే క్యాబ్రిల్లో (లాగ్ పంపే ఫార్మాట్) ఫైల్ పైభాగంలో ఆ వరుస ఒక్కటి సరిచేసి అదే లాగ్ మళ్లీ పంపండి, చివరిగా పంపిందే లెక్కలోకి తీసుకుంటారు. కన్ఫర్మేషన్ మెయిల్‌లో విభాగం పేరు రాసి ఉంటుంది, అది చదివాకే కంప్యూటర్ ఆపండి. గడువు దాటిపోతే కాంటెస్ట్ కమిటీకి జరిగింది జరిగినట్టు ఒక మెయిల్ రాయండి.